గంజి పెట్టిన జార్జెట్ చీరలు

కొత్తగా సొంత పని పెట్టుకున్న ఆడపిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చిపోతున్నారు. ఒకామె బ్లౌజులు కుట్టిస్తుంది, ఒకామె పచ్చళ్ళు పెడుతుంది, ఇంకొకామె చీరలకు లేసు వేయిస్తుంది. అందరూ అడిగేది ఒక్కటే. "పనోళ్ళతోని ఎట్ల నెగ్గుకొచ్చినవ్ అక్కా, జర చెప్పరాదు." నేను వ్యాపారం ఏ కాలేజీలోనూ చదవలేదు. నాకు తెలిసిన ఆ కాస్తా మా అమ్మాయికి ఇంట్లో చదువు చెబుతూ నేర్చుకున్నదే. ఆ మాట అంటే నవ్వుతారు. చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పడానికీ, సూరత్ మార్కెట్లో సేటు ముందు నిలబడటానికీ ఏమిటి పొత్తు అని. పొత్తు ఉంది. అది తెలియాలంటే ఒక వానాకాలం సంగతి చెప్పాలి. ఇప్పుడు కళ్ళు సరిగా ఆనక పని మానేసి కూర్చున్నాను కాబట్టి తీరిక దండిగా ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కాసేపు మీరు లోకువగానే ఉండండి.

మేము కరీంనగర్ వైపు నేతవాళ్ళం. మా ఆయన సూరత్ పక్కన కడోదరాలో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. నేను ఇంటర్ దాకా చదివి, పెళ్ళి చేసుకుని, రైలెక్కి ఇక్కడికి వచ్చాను. అమ్మాయి పుట్టింది. దానికి ఉబ్బసం. మేమున్న వీధి పొడుగునా మగ్గాలే, గాలిలో ఎప్పుడూ సన్నటి నూగు. వారంలో సగం రోజులు పిల్ల మంచం మీదే ఉండేది. బడిలో హెడ్‌మాస్టర్ మర్యాదగానే చెప్పాడు, "తీసుకెళ్ళండమ్మా, బాగయ్యాక తీసుకురండి" అని. బాగయ్యేదాకా దాని వయసు ఆగుతుందా? నేనే చెబుతానన్నాను.

మా ఆయన అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, "ఏంది, నువ్వు జెప్తవా? నీకే గుజరాతీ అక్షరం రాదాయె," అన్నాడు.

"నేర్చుకుంట. దాని కంటె ఒక్క పాఠం ముందుంటె సాలు."

"ఆ ఒక్క పాఠం అది ముందుకు పోతె?"

"అప్పుడు అది నాకు చెప్తది. నీకేం ఫికర్?"

కోపంలో అన్న మాటే కానీ, నిజంగా అలాగే జరిగింది. రెండో ఏడు తిరిగేసరికి గుజరాతీలో అది నన్ను దిద్దడం మొదలుపెట్టింది. నాకు ముందు చిన్నతనంగా అనిపించింది. తర్వాత గమనించాను, నాకు నేర్పిన పాఠం అది జన్మలో మరిచిపోయేది కాదు. అప్పటి నుంచి ఏ పాఠమైనా తిరిగి వాళ్ళ నాన్నకు చెప్పమనేదాన్ని. ఆయన డ్యూటీ దిగివచ్చి గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతుంటే, అది జొన్నరొట్టె తుంచి భిన్నాలు చెప్పేది. చెప్పినంతసేపూ ముక్కలన్నీ ఆయనే తినేసేవాడు. "గిదేం లెక్కనే, ఎంత జెప్పినా నా కడుపు నిండుతలేదు" అని ఏడిపించేవాడు.

ఇంట్లో చదువు చెప్పే తల్లికి ఒక పెద్ద కష్టం ఉంది. పిల్లకు పాఠం రాకపోతే తిట్టుకోవడానికి వేరే టీచరు ఉండదు. బడికి పంపినవాళ్ళు ఎంత అదృష్టవంతులో అప్పుడు తెలిసింది. వాళ్ళకు "ఏం చెబుతున్నారో ఏమో ఆ బడిలో" అనుకునే వీలుంది. నాకు లేదు. రాలేదంటే నేను చెప్పిన తీరు బాగోలేదు, అంతే. ఇది ఒంటికి పట్టడానికి నాకు చాలాకాలం పట్టింది, ఎందుకంటే నాకు ముక్కు మీద కోపం.

ఒకసారి అది భాగహారాల లెక్కలు వరసగా చేసి చూపించింది. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. నేను మురిసిపోయి పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకున్నాను. మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే బిక్కమొహం వేసింది. పుస్తకం వెనక ఉన్న జవాబులు చూసి రాసిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి లేవబోయింది కూడా. అది గోడ మూలకు జరిగి, "తప్పయితే నువ్వు ఎట్లనో చూస్తవమ్మా. గట్ల చూడకుంటె నేనే చేద్దును," అంది. నిలువునా నీరయిపోయాను. నేను దాన్ని కొట్టింది లేదు, తిట్టింది తక్కువ. కానీ తప్పు వచ్చినప్పుడు మాత్రమే "ఎట్ల చేసినవ్?" అని అడిగేదాన్ని. దానితో ఆ మాట దానికి దెబ్బతో సమానమయింది. అప్పటి నుంచి ఒప్పు లెక్కకు కూడా "ఎట్ల చేసినవ్ బిడ్డా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. మెల్లగా భయం పోయి, రాని లెక్కలే ముందు తెచ్చి చూపించేది. ఓపెన్ స్కూల్లో పరీక్షలు రాసి ఒక్కొక్క మెట్టే ఎక్కింది. ఒళ్ళు కూడా గట్టిపడింది.

దానికి చదువు చెబుతూ ఖాళీ దొరికినప్పుడల్లా చీరలకు స్టోన్లు అంటించే పని తెచ్చుకునేదాన్ని. మార్కెట్ నుంచి చీరలు లాట్లుగా, అంటే కట్టలు కట్టలుగా వస్తాయి. గమ్ము చుక్క పెట్టి, దాని మీద స్టోన్ పెట్టి, ఆరబెట్టి, మడతపెట్టి ఇవ్వాలి. పనికి చెయ్యి తిరిగాక పక్కింటామె కలిసింది, ఆ పక్కింటామె కలిసింది. అమ్మాయి ఇంటర్ పరీక్షలకు వచ్చేసరికి ఒక గది అద్దెకు తీసుకుని డజనుమంది ఆడవాళ్ళతో యూనిట్ అనే పేరు పెట్టుకున్నాం. నేనే పెద్ద, నేనే చప్రాసీ.

ఇంటి బడిలో నేర్చుకున్నవి అక్కడ వాడాను. కొత్తగా చేరినామెకు పని నేర్పమని అందరికంటే పాతామెకు అప్పగించేదాన్ని కాదు. ఆ కొత్తామెకు సరిగ్గా ముందు చేరినామెకు ఇచ్చేదాన్ని. పాతవాళ్ళకు చెయ్యి దానంతటదే పోతుంది, ఎక్కడ కష్టమో వాళ్ళకు గుర్తుండదు. నిన్నమొన్న నేర్చుకున్నవాళ్ళకు వేలికి గమ్ము అంటుకుని ఏడ్చిన చోటు ఇంకా గుర్తుంటుంది. అలాగే పొద్దున్నే ఫలానా టైముకు రావాలని గంట కొట్టలేదు. మా అమ్మాయికి లెక్కలు పొద్దున ఎక్కేవి కావు, సాయంత్రం ఎక్కేవి. మనుషులందరికీ ఒకేసారి బుర్ర తెరుచుకోదు. పిల్లలను బడికి పంపి వచ్చేవాళ్ళు కొందరు, వంట ముగించి వచ్చేవాళ్ళు కొందరు. పక్క యూనిట్ల వాళ్ళు నన్ను చూసి, "అది యూనిటా, ధర్మసత్రమా?" అనేవారు. అననీ.

మార్చింది ఇంకొకటి ఉంది. సూరత్‌లో ఈ పనుల్లో ఒక ఆచారం. చీర పాడైతే పాడుచేసినామె మెడకే చుడతారు. ఆ చీర ఆమె ఇంటికి తీసుకుపోవాలి, దాని ఖరీదు ఆమె కూలీలో కోస్తారు. మా యూనిట్‌లో కోత లేదని మొదటి రోజే చెప్పాను. "పాడైతె దాచిపెట్టకుండ్రి. కట్ట మీద అన్నింటికన్న పైకి పెట్టుండ్రి. నేను చూసుకుంట," అన్నాను. అందరూ తలూపారు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఆ యూనిట్ మొత్తానికి ప్రాణం పెద్దక్క. నాకన్నా వయసులో పెద్ద, మా జిల్లా ఆమే. ఊళ్ళో మగ్గం గుంట పక్కనే పుట్టి, మగ్గం గుంట పక్కనే పెళ్ళయి, సూరత్ వచ్చినామె. పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి బతుకు వాళ్ళు చూసుకుంటున్నారు, మొగుడు పోయాడు. మా గదే ఆమెకు ఇల్లు. కొత్త పిల్లలు కడుపు నొప్పి అన్నా, అత్త తిట్టిందన్నా ఆమె దగ్గరికే పోయేవారు. నన్ను "చెల్లె" అనేది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. ఏదైనా దుఃఖం వస్తే అందరికన్నా ముందు ఆమే ఏడ్చి, అందరికన్నా ముందు ఆమే లేచి చాయ్ పెట్టేది.

మాకు పనిచ్చే సేటు ఒక్కడే. అడాజన్‌లో ఇల్లు, రింగ్ రోడ్డు మార్కెట్లో దుకాణం. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. గొంతు పెంచని సేటుతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఇది కూడా రాసిపెట్టుకోండి.

ఆ ఏడు వానలు వదలకుండా పట్టుకున్నాయి. పల్సానా మిల్లుల్లో రంగు వేసుకుని వచ్చిన జార్జెట్ చీరలు, పెళ్ళిళ్ళ సీజన్ సరుకు, లాట్ మీద లాట్ దిగింది. వానాకాలంలో గమ్ము ఆరదు. ఆరిందనుకుని మడిస్తే అవతలి పొరకు అంటుకుని నిగనిగలాడే మరక పడుతుంది. కిందటేడు, గది తీసుకోకముందు, ఇంట్లో చేసుకునేటప్పుడు అదే కాలంలో ఎన్నో పాడయ్యాయి. ఈసారి మాత్రం ఒక్క చీర కూడా కట్ట పైకి రాలేదు. నేను పొంగిపోయాను. సేటుకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, "సేటూ, ఈసారి డ్యామేజ్ అస్సలు లేదు" అని. పుస్తకం వెనక జవాబులు చూసి రాసిన పిల్లను కన్న తల్లిని, అప్పుడైనా నాకు అనుమానం రావద్దా? రాలేదు. మంచి వార్తను ఎవరు తిప్పి చూస్తారు?

ఒకరోజు పొద్దున సేటు రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి దుకాణంలో ఆయన కూర్చునే గద్దె మీద మా కట్టలు విప్పి పరిచి ఉన్నాయి. ఆయన ఒక చీర కొంగు నా ముందు దులిపాడు. తెల్లటి పొడి రాలింది. ఆ చోట బట్ట అట్టలా బిగుసుకుని ఉంది. ఇంకొకటి దులిపాడు, దానిలోనూ అంతే. ముంబై వ్యాపారి తిప్పి పంపాడట.

"యే క్యా హై, బేన్?" ఇదేమిటి చెల్లీ అని.

ఆ కొంగు అందుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. గంజి!

జార్జెట్‌కు గంజి పెట్టడమేమిటి? వినేవాడికి వెర్రి అనిపిస్తుంది. అది పాలిస్టర్, గంజిని పీల్చుకోదు. పైన పొరగా ఆరి, పగిలి, పొడై రాలుతుంది. ఇలాంటి పని సూరత్ మొత్తంలో నేత ఇంట్లో పుట్టినవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. అంటే మావాళ్ళే చేశారు.

సేటు నెమ్మదిగా చెప్పాడు. ఇది పొరపాటు కాదు, దాచిపెట్టడం. దాచినామె ఎవరో పేరు చెప్పి ఆమెను పనిలోంచి తీసేస్తేనే కొత్త లాట్ ఇస్తాను. లేకపోతే రేపటి నుంచి మీ యూనిట్‌కు పని బంద్. "నామ్ బోలో, బాత్ ఖతమ్," అన్నాడు. ఇంటికి బాడుగ, పిల్లలకు ఫీజు, డజను పొయ్యిలు ఆ గద్దె మీద ఉన్నాయి. రేపు వచ్చి చెబుతానని లేచాను.

నా కోపం సంగతి చెప్పాను కదా. మార్కెట్ నుంచి యూనిట్ దాకా దారి పొడుగునా లోపల తిట్లు వరసపెట్టి పేర్చుకున్నాను. కోత కోయనన్నానే, ఇంతగా నమ్మానే, నాకే ఇలా చేస్తారా అని. గది గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల అందరూ ఒక్కసారి తలలెత్తి నా మొహం చూశారు. అందరి కళ్ళలోనూ ఒకటే చూపు. అది నేను ఎరుగుదును. భాగహారం రాని రోజు గోడ మూలకు జరిగిన మా అమ్మాయి చూపు. పేర్చుకున్న తిట్లు గొంతులోనే ఉండిపోయాయి. లోపలికి వెళ్ళి కింద కూర్చున్నాను. గంజి చీర నడుమ పరిచాను.

"ఎవ్వరు చేసిన్రని నేను అడుగుతలేను. ఎట్ల చేసిన్రో చెప్పుండ్రి. ఎందుకు చేసిన్రో చెప్పుండ్రి."

దొంగకు తేలు కుట్టినట్టు ఒక్కరూ కదలలేదు. బయట వాన. మా అమ్మాయి మూలన లాట్లు లెక్క పెట్టుకునే బల్ల దగ్గర నిలబడి ఉంది. అప్పటికి అది నాకు కుడిచెయ్యి, సరుకు దించుకోవడం, పంపడం అంతా దానిదే. అది కూడా నేల చూపులు చూస్తోంది.

చివరికి పెద్దక్క లేచింది. "నేనే చెల్లె," అంది.

అని ఊరుకోలేదు. ఒక మరక పడిన చీర తీసి, ఎలా చేసిందో చేసి చూపించింది. ముందు గోటితో గమ్మును సన్నగా గీకేస్తుంది. గీకితే అక్కడ జార్జెట్ పోగులు పక్కకు జరిగి జల్లెడలా అవుతుంది. ఇంట్లో అన్నం వార్చిన గంజి పలచగా చేసి డబ్బాలో తెచ్చుకునేది. గుడ్డతో అద్ది, వేళ్ళతో పోగులు దగ్గరికి తోసి, ఇస్త్రీ పెట్టేది. చూస్తుండగానే బట్ట కొత్తదానిలా అయిపోయింది. ఆ వేళ్ళు పోతున్న తీరు చూస్తే, ఆ క్షణంలో నాకు కోపం కూడా మరుపున పడింది.

"మా అత్త పోగు తెగితె గిట్లనే అతికించేది. నూలు మీద నూరేండ్లు ఉంటది. ఇది గిట్ల పొడి రాలుతదని నాకేం ఎరుక? నా చేతులిర్గ! మంచిగైందనే పంపిన."

"మరి నాకెందుకు చూపియ్యలేదక్కా? కోయనని చెప్పిన గద?"

"చెప్పినవ్. అందరు గట్లనే చెప్తరు చెల్లె." ఆ మాట ఆమె నన్ను నొప్పించాలని అనలేదు, ఉన్నది అన్నది. "ఇంతకు ముందటి యూనిట్ల గూడ కోయం అన్నరు. పండుగ ముంగట కోసిన్రు."

వెనక నుంచి కొత్తగా చేరిన పిల్ల ఒకతె వెక్కుతూ లేచింది. "అక్కా, గవి పెద్దక్కవి కావు. నావి. నేను ఏడుస్తుంటె మంచిగ చేసి పెట్టింది." ఇంకొకామె, "నావి గూడ ఉన్నయ్," అంది. ఆ తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలియకుండా అందరూ మాట్లాడారు. ఆమె చేతిలో పాడయిన చీర ఒక్కటి కూడా లేదు. అందరి తప్పులకూ గంజి పెట్టింది ఆమె.

నేను కోయనని చెప్పాను. నమ్మారా అని ఎప్పుడూ చూసుకోలేదు. చెప్పడం వేరు, ఎదుటివాళ్ళకు రావడం వేరని పదేళ్ళపాటు పుస్తకం ముందు కూర్చుని తెలుసుకున్నదాన్ని. మళ్ళీ అదే పాఠం, ఈసారి ఫీజు కట్టి.

సేటు పెట్టిన షరతు చెప్పాను. పెద్దక్క కొంగుతో ముక్కు తుడుచుకుని, "గదెంత పని? నా పేరు చెప్పు. నేను పోత. నా ఒక్కదాని కోసం ఇందరి పొట్ట మీద కొడ్తవా?" అంది. నవ్వడానికి ప్రయత్నించింది, రాలేదు. గంజి డబ్బా కడిగి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వెళితే మా ఆయన కూడా అదే మాట. "ఒక్క పేరు చెప్తె అందరు బతుకుతరు. ఆమెకు ఇంకో యూనిట్‌ల పని చూపెడ్దాం తియ్." ఆయన చెడ్డమాటేమీ చెప్పలేదు. నేను కూడా ఆలోచించాను. కానీ ఆమెను పంపించేస్తే మిగిలినవాళ్ళకు నేను నేర్పే పాఠం ఏమిటి? ఈరోజు లేచి నిలబడినామె పోయింది, నోరు మూసుకున్నవాళ్ళు ఉన్నారు. ఇక ఆ గదిలో ఎవరు లేస్తారు?

మర్నాడు యూనిట్‌లో చెప్పాను. "పెద్దక్క ఎక్కడికీ పోదు. కానీ నేను సేటు దగ్గరికి వట్టి చేతులతోని పోను. మరక పడ్డయి, చిరిగినయి, మీ ఇండ్లల్ల దాచినయి, ఏవున్నా ఇప్పుడే తేండ్రి. కూలీల ఒక్క పైస గూడ కోయ. నమ్ముతె తేండ్రి, నమ్మకుంటె వద్దు. బలవంతం లేదు."

తర్వాత ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. ఇంటి బీరువా లోంచి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి, మంచం కింది పెట్టెలోంచి తెచ్చారు. ఒకామె అత్తకు తెలియకుండా దిండు గలీబులో కుక్కి దాచిందట. లెక్క తగ్గకుండా వాటి బదులు బజారులో అలాంటివే కొని కట్టల్లో కలిపారట. బల్ల మీద కుప్ప పెరుగుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్ని చీరల భయం నెత్తిన పెట్టుకుని వీళ్ళు నా ముందు పాటలు పాడుకుంటూ స్టోన్లు అంటించారు! ఆ కుప్పను మూట కట్టి, పెద్దక్కను వెంటబెట్టుకుని ఆటో ఎక్కాను.

గద్దె మీద మూట విప్పాను. సేటు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నా హిందీ ఎప్పుడూ అంతంతమాత్రమే, కోపంలో మాత్రం బాగానే వస్తుంది. చెప్పాను. ఇవి మీకు తెలిసినవి. ఇవి మీకు తెలియనివి, ఎప్పటికీ తెలిసేవి కావు. నేనే తెచ్చాను. పేరు కావాలంటే నా పేరు రాసుకోండి, నేర్పింది నేను. ఒకామెను తీసేస్తాను, దానికేముంది? ఆ తర్వాత కూడా చీరలు పాడవుతాయి, నాకు మాత్రం ఎవరూ చెప్పరు. మీకు ముంబై వ్యాపారి చెబుతాడు.

పెద్దక్క నా వెనక చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన ఆమెను చూశాడు. ఎవరో అర్థమయిందనుకుంటాను, పేరు మాత్రం అడగలేదు. మూటలో చీరలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. చాయ్ వచ్చింది, చల్లారిపోయింది. తర్వాత తల తిప్పి వెనక అరల నిండా ఉన్న వేరే యూనిట్ల కట్టల వంక చూశాడు.

"అక్కడి నుంచి నాకు డ్యామేజ్ ఒక్కటి కూడా రాలేదు బేన్," అన్నాడు హిందీలో. "ఇన్నాళ్ళూ సంతోషపడుతున్నాను." అని గుమాస్తాను పిలిచి, ఆ కట్టలన్నీ విప్పమన్నాడు.

పని బంద్ కాలేదు. అలాగని పూలదండ కూడా వెయ్యలేదు. దీపావళి దాకా సగం లాట్లే ఇచ్చాడు, ప్రతి కట్టా తన మనిషితో విప్పించి చూసుకున్నాడు. పని తగ్గి ఇద్దరు వేరే చోటికి వెళ్ళిపోయారు. వాళ్ళను నేను తప్పుపట్టను, పిల్లలున్న ఇళ్ళు. వానాకాలంలో మాత్రం చీరకు ఒక రోజు ఎక్కువ ఆరబెట్టడానికి ఒప్పుకున్నాడు. పెద్దక్క ఆ తర్వాత చాలాకాలం మా దగ్గరే పనిచేసింది. ఏ పిల్లకు మరక పడినా ఆమే చెయ్యి పట్టుకుని నా ముందుకు తెచ్చి, "చూడు, మీ అక్క ఏమనదు," అని అరిచేది. నేను ఏమీ అనకుండా ఉండాలంటే నాకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచేది.

ఇక్కడితో ఆపితే నేను మీకు మంచి గురువులా కనిపిస్తాను. కానీ ఆ రోజు ఇంకా అయిపోలేదు.

మార్కెట్ నుంచి గెలిచినట్టు తిరిగొచ్చి, అందరికీ జిలేబీ తెప్పించి, వాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక నేను చాప చుడుతున్నాను. మా అమ్మాయి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. లాట్ల బల్ల కింది సొరుగు లాగి, అడుగున ఉన్న కాగితాలు తీసి, దాని కింద నుంచి ఒక చీర బయటికి తెచ్చింది. ఆకుపచ్చ జార్జెట్, ఖరీదైన సరుకు. అంచు పొడుగునా చినిగి ఉంది.

"అమ్మా, ఇది నాది."

పొద్దున కుప్ప పడుతున్నప్పుడు అది అక్కడే ఉంది. ఒక్కొక్కరి చేతిలోంచి చీరలు అందుకుని పేర్చింది అదే. అత్తలకు భయపడేవాళ్ళు తెచ్చారు, పని పోతుందని భయపడేవాళ్ళు తెచ్చారు. నా చేతిలో అక్షరాలు దిద్దిన నా బిడ్డ మాత్రం తేలేదు. సేటు సరేనన్నాడని తెలిశాక తెచ్చింది. నా ప్రాణం ఎంత ఉసూరుమందో చెప్పలేను. ఊరందరికీ భయం పోగొట్టానని జిలేబీలు పంచిన ఆ పూటే, నా ఇంట్లో భయం సొరుగులో మడతపెట్టి ఉంది.

"పొద్దుగాల ఎందుకు తియ్యలే?"

"వాళ్ళందరు పనోళ్ళు. నేను నీ బిడ్డను. అందరి ముంగట నేను గూడ దాచిన్నంటె నీ మొఖం ఏడ పెట్టుకుంటవ్?"

చాప పక్కన పెట్టి కూర్చున్నాను. కడిగిన గ్లాసులు సర్దాను, సర్దినవే మళ్ళీ సర్దాను.

"రేపు దీన్ని సేటుకు ఇయ్యాలె," అన్నాను చివరికి.

"నువ్వు ఇస్తవా?"

ఇద్దును. చాలా తేలిక. మూటలో ఇదొకటి మరిచిపోయానని ఒక్కమాట చెబితే అయిపోయేది. దాని పేరు కూడా వచ్చేది కాదు. తల్లి అన్నాక చెయ్యి ముందుకే పోతుంది.

"నువ్వే ఇయ్యి బిడ్డా. నేను పక్కన నిలబడుత."

మర్నాడు ఇద్దరం మార్కెట్‌కు బస్సెక్కాం. చీర సంచి దాని ఒళ్ళో ఉంది, రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి. ఎలా చినిగిందని నేను అడగలేదు. అడగాలని నాలుక ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. కిటికీ లోంచి వాన నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. రెండు స్టాపులు పోయాక, నా వైపు తిరగకుండానే, తనే మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ రోజు ఏమైందంటె..."